గిడుగు రామమూర్తి: కొండ బిడ్డకు దారి తెలుసు.. బడికే ఆ బిడ్డ మాట తెలియదు! సవర భాషలో చదువు చెప్పించిన మాస్టారి కథ

అరకు లోయ చుట్టూ ఉన్న కొండ ఊళ్లలో ఆరేళ్ల పిల్లకి ఎవరూ దారి చూపించక్కర్లేదు. గెడ్డకు ఎటు దిగాలో, పోడు చేనుకు ఎటు ఎక్కాలో, సంతకెళ్లే కాలిబాట ఎక్కడ రెండుగా చీలుతుందో ఆ పిల్ల కాళ్లకే తెలుసు. అదే పిల్ల బడికొచ్చి కూర్చుంటుంది. బోర్డు మీద గీసిన పెట్టెకు కుడి పక్కన ఏముందని టీచర్ తెలుగులో అడుగుతారు. పిల్ల నోరు విప్పదు. కొండంతా గుర్తున్న పిల్ల ఆ చిన్న పెట్టె దగ్గర ఆగిపోతుంది.

లోపం ఎక్కడుంది? పిల్లలోనా, అడిగిన భాషలోనా? వందేళ్లకు పైగా కిందటే తూర్పు కనుమల్లో ఒక స్కూల్ మాస్టారు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. జవాబు కోసం ఆస్తి, ఆరోగ్యం, చివరికి వినికిడి కూడా పోగొట్టుకున్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి.

ఏటా ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు అందరికీ తెలుసు. కొండల మీది సవర పిల్లల కోసం పనిచేసిన గిడుగు గురించి మాత్రం చాలామందికి తెలియదు. ఆ కథేంటో చూద్దాం.

వంశధార ఒడ్డున పుట్టి.. పర్లాకిమిడికి చేరి

గిడుగు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. పక్కనే వంశధార నది. దగ్గర్లోనే ముఖలింగం గుళ్లు. కాస్త తలెత్తి చూస్తే దూరంగా కొండలు.

తండ్రి ఉద్యోగరీత్యా చోడవరం వెళ్లారు. మన్యానికి దారితీసే ఊరది. అక్కడే 1875లో విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉంటూ మహారాజావారి స్కూల్లో చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆయన క్లాస్‌మేట్ ఎవరో తెలుసా? కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు. ఇద్దరూ తర్వాత తెలుగు రాత తీరునే మార్చేశారు.

1879లో మెట్రిక్యులేషన్ పాసైన గిడుగు, మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచర్‌గా చేరారు. నెలకు 30 రూపాయల జీతం. చెప్పాల్సింది చరిత్ర పాఠం.

పుస్తకంలో ఉన్నది చదివి వినిపించేసి ఊరుకోలేదు ఆయన. ముఖలింగం గుళ్ల గోడల మీద ఉన్న పాత శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని చదివారు. ఆ ఊరే ఒకప్పటి కళింగనగరమని వాదిస్తూ వ్యాసాలు రాశారు. కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడిదో పాఠం చెప్పడం ఆయనకు నచ్చని పని. తర్వాత కొండ పిల్లల విషయంలోనూ ఆయన పట్టుకున్న దారి ఇదే.

ఇంట్లోనే సవర గురువు

పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఊరు దాటితే చాలు, మహేంద్రగిరి వైపు సవర కొండలు మొదలవుతాయి. అరకు, పాడేరు, సీతంపేట, పర్లాకిమిడి.. ఇవన్నీ ఒకే తూర్పు కనుమల వరసలో ఉన్న చోట్లే. అరకు వైపు కొండ్లు, పోర్జాలు, గదబలు, భగతలు, వాల్మీకులు ఉంటే, ఇటు సవరలు ఎక్కువ.

సవరలకు చదువు చెప్పాలన్న ఆలోచన గిడుగుకు వచ్చింది. చెప్పాలంటే ముందు వాళ్ల మాట రావాలి. అప్పటికి సవర నేర్చుకుందామంటే చేతికందే పాఠ్యపుస్తకం లేదు, నిఘంటువు లేదు. దాంతో తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఓ బ్రాహ్మణ ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారో అని ఆయన ఆగలేదు.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. తెలుగు ద్రావిడ కుటుంబం. సవర ముండా శాఖకు చెందింది. ఆ శాఖ ఉన్న ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలోనే వియత్నాం, కంబోడియా భాషలూ ఉన్నాయి. గొంతులో ఊపిరిని టక్కున ఆపి పలికే శబ్దాలు సవరలో ఉంటాయి. తెలుగు చెవికి అవి అంత తేలిగ్గా అందవు. గిడుగు ఒక్కో మాటే విని, పలికి, రాసుకుంటూ వెళ్లారు. ఏళ్ల తరబడి అదే పని.

ఒక భాషను కొత్తగా నేర్చుకునేటప్పుడు ముందుగా కావాల్సినవి పెద్ద పెద్ద మాటలు కావు. ఎక్కడ, ఎటు, ఇక్కడ, అక్కడ, పైన, కింద, లోపల, బయట. ఈ మాటలు రాకపోతే ఒక్క అడుగు కూడా పడదు. పసిపిల్లలు ముందుగా పట్టుకునే మాటల్లోనూ ఇవి ఉంటాయి. గిడుగు నడివయసులో ఒక పసివాడిలా ఆ దారంతా మళ్లీ నడిచారన్నమాట.

కొండ మీద ఎటు అనే మాట బరువు వేరు

మైదానంలో ఎడమ, కుడి అంటే సరిపోతుంది. కొండ మీద అలా కుదరదు. వెనక్కి తిరిగితే ఎడమ కుడైపోతుంది. కానీ కొండ ఎక్కడికీ పోదు. ఎగువ ఎగువే, దిగువ దిగువే. మన్యంలో ఎన్నో ఊళ్ల పేర్ల ముందే ఎగువ, దిగువ అని ఉండటం ఊరికే కాదు.

సవరల ఊళ్లే చూడండి. ఎదురెదురుగా వరసలు కట్టిన ఇళ్లు. కొండవాలును తొలిచి, రాళ్లతో గట్లు కట్టి, మెట్లు మెట్లుగా చేసిన పొలాలు. నీళ్లు ఏ మడి నుంచి ఏ మడిలోకి దిగాలో, రాయి ఎక్కడ పేరిస్తే గట్టు నిలబడుతుందో అక్కడి పిల్లలు పెద్దల వెనకే తిరిగి నేర్చుకుంటారు. వాలు, ఎత్తు, లోతు, దూరం ఆ పిల్లలకు రోజూ చేసే పనిలోనే ఉన్నాయి.

ఇంటి గోడ మీద వేసే సవర బొమ్మ ఇంకో ఉదాహరణ. ఒక చట్రం గీస్తారు. అదే ఇల్లు. దాని లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు అందరూ ఉంటారు. దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా వేయాలన్న స్కూల్ డ్రాయింగ్ రూలు అక్కడ పనిచేయదు. లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అన్నదే ముఖ్యం. చోటును అర్థం చేసుకోవడానికి అదీ ఒక పద్ధతే.

దగ్గర, దూరం అనే మాటలు కూడా అన్ని భాషల్లో ఒకేలా ఉండవు. కొండ్లు మాట్లాడే కుయి, కువి భాషల్లో ఇది, అది అని చెప్పడానికి దూరాన్ని బట్టి నాలుగు మెట్లున్నాయి. తెలుగులో మనం ఎక్కువగా వాడేవి రెండే. నాలుగు మెట్ల భాషలో పెరిగిన పిల్లకి రెండు మెట్ల భాషలో పాఠం చెబితే, ఆ పిల్లకి తెలిసిన తేడాలు కొన్ని క్లాసులోకి రానే రావు.

లెక్కల్లోనూ అంతే. సవరలో అంకెలు పదితో ఆగి మళ్లీ మొదలవ్వవు. పన్నెండు దాకా వెళ్తాయి. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. ఇరవై ఇంకో మెట్టు. ముప్పై మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇలా లెక్కపెట్టే పిల్లవాడికి పదుల గడి, ఒకట్ల గడి గీసి చూపిస్తే తికమకపడటం సహజం. అది చూసి తెలివి తక్కువ అనుకుంటే నష్టపోయేది పిల్లాడు.

సొంత డబ్బుతో బడులు

భాష కాస్త పట్టుబడ్డాక గిడుగు సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. మాస్టార్లకు జీతాలు కూడా ఆయనే ఇచ్చారు. ఆ బడుల్లో పిల్లలకు పాఠం వాళ్ల భాషలోనే. 30 రూపాయల జీతంతో మొదలైన స్కూల్ టీచర్ చేసిన పని ఇదని గుర్తు పెట్టుకోవాలి.

ఈ పని చూసి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. ఆ డబ్బుతో సవరల కోసం ఒక బడి పెడితే చాలన్నారు. 1913లో ప్రభుత్వం బిరుదు కూడా ఇచ్చింది. బిరుదు వచ్చినా కొండలకు వెళ్లడం మాత్రం ఆగలేదు.

జ్వరం తగ్గింది.. చెవులు పోయాయి

కొండల్లో తిరగడం అంటే మలేరియాతో కాపురం చేయడమే. ఆ రోజుల్లో దానికి ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. గిడుగుకు చలిజ్వరం పట్టుకుంది. క్వినైన్ మింగాల్సి వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ఆ మందు వినికిడిని దెబ్బతీసింది. తర్వాత జీవితమంతా చెవుడుతోనే గడిచింది.

ఒక్కసారి ఆలోచించండి. రాసిన పుస్తకమే లేని భాషను చెవితో విని పట్టుకోవాల్సిన మనిషి. గొంతులో తెగిపోయే సన్నని శబ్దాన్ని కూడా వదలకుండా రాసుకోవాల్సిన మనిషి. అలాంటి మనిషికి చెవులే పోయాయి. చిన్నప్పుడు మన్యం దారిలోని ఊళ్లో జ్వరం తండ్రిని తీసుకెళ్లింది. పెద్దయ్యాక అదే కొండల జ్వరం ఆయన వినికిడిని తీసుకెళ్లింది.

అయినా పని ఆపలేదు. పెద్ద కొడుకు గిడుగు సీతాపతి కూడా సవర భాష మీద పనిచేశారు. ఏళ్ల కృషి చివరికి అచ్చులోకి వచ్చింది. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ప్రచురించింది. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ప్రపంచంలో ముండా భాషల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఈ పుస్తకాల దగ్గరకే వస్తారు.

తెలుగు పోరాటానికి మూలం కూడా తరగతి గదే

1906-07 నాటికి గిడుగు ఇంకో పోరాటంలోకి దిగారు. అప్పటి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఏ. యేట్స్‌కు ఒక సందేహం వచ్చింది. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి ఎందుకైంది? గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. అక్కడి నుంచే వ్యావహారిక భాషోద్యమం ఊపందుకుంది.

1911లో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన పూర్తి సమయం దీనికే ఇచ్చారు. ఊరూరా తిరిగారు. సభల్లో గంటల తరబడి వాదించారు. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్ద పండితులు ఎదురు నిలిచారు. ప్రభుత్వం కూడా మొదట వాడుక భాషకు తలుపు తెరిచి తర్వాత వెనక్కి తగ్గింది. 1919లో తెలుగు అనే పత్రిక కూడా నడిపారు.

ఈ రెండు పనులూ వేరువేరుగా కనిపిస్తాయి. లోపల ఉన్నది ఒకటే. శ్రీకాకుళం రైతు బిడ్డకు గ్రాంథికం ఎంత దూరమో, సవర బిడ్డకు తెలుగు అంతకంటే దూరం. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటతోనే బడి మొదలవ్వాలి. ఈ ఒక్క విషయం కోసమే ఆయన రెండు చోట్లా కొట్లాడారు.

మ్యాప్ మీద గీత పడింది.. ఊరు వదిలేశారు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. గిడుగు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఫలితం లేకపోయింది. దాదాపు 56 ఏళ్లు బతికిన ఊరిని వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 72.

గీత పడటంతో సవర కొండలు కూడా రెండుగా చీలాయి. కొన్ని ఊళ్లు అటు, కొన్ని ఇటు. కొండ, గెడ్డ, సంత దారి మాత్రం అక్కడే ఉన్నాయి. అదే ఏడాది సవరల్లోంచే మంగెయి గొమాంగో తమ భాషకు సోరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని తెచ్చారు. తమ భాషను తామే రాసుకోవాలన్న కోరిక కొండల మీద అప్పటికే ఎంత బలంగా ఉందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

1940 జనవరి 22న గిడుగు కన్నుమూశారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయి అప్పటికి రెండేళ్లే.

ఆ తర్వాత ప్రపంచం ఏం కనిపెట్టింది?

గిడుగు సైకాలజిస్టు కాదు. పిల్లలకు చోటు, దిక్కు ఎలా అర్థమవుతాయో ఆయన సిద్ధాంతమేమీ రాయలేదు. ఆ పని ఆయన పోయాక జరిగింది. కానీ ఆ పరిశోధనలు చూస్తుంటే ఆయన బడి గుర్తుకు రాకుండా ఉండదు.

1948లో స్విట్జర్లాండ్ సైకాలజిస్టు జీన్ పియాజే, ఆయన సహచరి బార్బెల్ ఇన్హెల్డర్ పిల్లల్లో చోటు గురించిన జ్ఞానం ఎలా పెరుగుతుందో ఒక పుస్తకం రాశారు. వాళ్ల లెక్క ప్రకారం పిల్లలకు ముందుగా అందేవి పక్కన, లోపల, బయట లాంటివి. ఒకే వస్తువు ఇంకోవైపు నుంచి ఎలా కనిపిస్తుందో, దూరాన్ని ఎలా కొలవాలో తర్వాత అర్థమవుతుంది.

దీన్ని పరీక్షించడానికి వాళ్లు వాడింది కూడా కొండలే. బల్ల మీద మూడు బొమ్మ కొండలు పెట్టారు. ఒకదాని మీద మంచు, ఒకదాని మీద ఇల్లు, ఒకదాని మీద శిలువ. అవతలి వైపు ఒక బొమ్మను నిలబెట్టి, దానికి ఈ కొండలు ఎలా కనిపిస్తాయని పిల్లల్ని అడిగారు. చిన్న పిల్లలు తమకు కనిపించేదే దానికీ కనిపిస్తుందన్నారు. సరైన జవాబు తొమ్మిది, పదేళ్ల వయసులో గానీ నిలకడగా రాలేదు.

అయితే 1970ల్లో ఎడిన్‌బరాలో మార్టిన్ హ్యూస్ ఇదే ప్రశ్నను మార్చి అడిగారు. కొండల బదులు గోడలు, రెండు పోలీసు బొమ్మలు, దాక్కోవాల్సిన ఇంకో బొమ్మ. అంటే దాగుడుమూతలు. ఈసారి మూడున్నర నుంచి ఐదేళ్ల పిల్లలు చెప్పిన జవాబుల్లో దాదాపు 90 శాతం కరెక్ట్! పిల్లల బుర్ర మారలేదు. మారింది అడిగిన తీరు. తెలిసిన పరిస్థితిలో, అర్థమయ్యేలా అడిగితే పిల్లలకు చాలా తెలుసు.

ఇంకో ముఖ్యమైన విషయం. మెక్సికో కొండల్లోని టెనెహాపా ప్రాంతంలో త్సెల్తాల్ భాష మాట్లాడేవాళ్లు బల్ల మీద ఉన్న వస్తువులకు కూడా ఎడమ, కుడి బదులు ఎగువ వైపు, దిగువ వైపు అంటారని స్టీఫెన్ లెవిన్సన్ బృందం చూపించింది. భారత్, నేపాల్, బాలి పిల్లల మీద పియర్ డాసెన్, ఆర్.సి. మిశ్రా ఏళ్ల తరబడి పనిచేసి 2010లో పుస్తకం తెచ్చారు. చాలామంది పిల్లలు చిన్నప్పటి నుంచే తమ శరీరాన్ని బట్టి కాకుండా చుట్టూ ఉన్న దిక్కులు, గుర్తులను బట్టి చోటు చెప్పగలరని అందులో తేలింది.

అంటే కుడి, ఎడమ చెప్పలేని పిల్లకి చోటు తెలియదని కాదు. ఆ పిల్లకి ఇంకో పద్ధతిలో తెలిసి ఉండొచ్చు. అడిగేవాళ్లకు ఆ పద్ధతి తెలియాలి.

ఇప్పుడు మన కొండల్లో..

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషే మేలంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. వాటిలో సవర ఉంది. అరకు వైపు వినిపించే కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా ఉన్నాయి. ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, తర్వాత ఇంగ్లీషులోకి తీసుకెళ్లడం దాని పద్ధతి. గిడుగు సొంత జేబుతో చేసిన పని దాదాపు శతాబ్దం తర్వాత ప్రభుత్వ పథకమైంది.

పథకం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ భాష వచ్చిన టీచర్ ఆ ఊళ్లో ఉండాలి. వాచకం చేతికి అందాలి. తెలుగు, ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం అనుకునే అమ్మానాన్నలకు కూడా నమ్మకం కుదరాలి. ఆ కోరికలో తప్పేమీ లేదు. గిడుగు కూడా సవర పిల్లల్ని తెలుగుకు దూరంగా ఉంచాలని చూడలేదు. ఎక్కాల్సిన మెట్టు అదే, మొదటి అడుగు మాత్రం కాలి కింద ఉన్న నేల మీద వేయాలన్నది ఆయన దారి.

ఈసారి ఆగస్టు 29న గిడుగు ఫొటోకు దండ వేసేటప్పుడు ఆ కొండ పిల్లని కూడా ఒకసారి తలుచుకోవాలి. బోర్డు మీది పెట్టె దగ్గర ఆగిపోయిన ఆ పిల్లకి అదే ప్రశ్న తన మాటలో వేసి చూడండి. పెట్టె సంగతి సరే, గెడ్డ దాటి, చేను దాటి, సంత దాకా దారంతా చెప్పేస్తుంది.